విద్యకు దానము, దాతకు హద్దు

2024 అక్టోబరు 18వ తేదీన అదానీ సంస్థల అధిపతి గౌతమ్ అదానీ హైదరాబాదునకు వచ్చి, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేతికి 100 కోట్ల రూపాయల చెక్కు నందించినారు. రాష్ట్ర ప్రభుత్వము క్రొత్తగా స్థాపించిన యంగ్ ఇండియా స్కిల్స్ విశ్వవిద్యాలయమునకు అది విరాళము. నలువది దినములైనను గడువక మునుపే, నవంబరు 25వ తేదీన, ఆ సొమ్ము మాకు వలదని ముఖ్యమంత్రి ప్రకటించినారు. నడుమ జరిగినదేమనగా, లంచముల విషయమున అదానీపై అమెరికాలో నేరారోపణ వెలువడినది. ఆ ఆరోపణలు నిరాధారములని అదానీ సంస్థ ఖండించినది. రాష్ట్ర ప్రభుత్వము ఆ సంస్థకు వ్రాసిన లేఖలో రెండు మాటలున్నవి. విశ్వవిద్యాలయమునకు ఆదాయపు పన్ను మినహాయింపు లభింపనందున అంతవరకు ఏ దాత నుండియు సొమ్ము తెప్పించుకొనలేదనునది మొదటిది. మినహాయింపు ఇటీవల లభించినను, నెలకొన్న పరిస్థితులను, వివాదములను బట్టి ఆ సొమ్మును పంపుమని కోరుట లేదనునది రెండవది.

రాజకీయ పక్షములు ఆ దినములలో దీనిని తమ తమ ప్రయోజనములకు వాడుకొన్నవి. పుచ్చుకొనుట తప్పని కొందరు, వలదనుట భయమని మరికొందరు వాదించినారు. పిమ్మట మరొక వార్త రాగా ఈ వార్త మరుగున పడినది. కాని ఆ చెక్కు లేవనెత్తిన ప్రశ్నలు మరుగున పడదగినవి కావు. విశ్వవిద్యాలయము ఎవరి సొమ్ము పుచ్చుకొనవచ్చును? పుచ్చుకొన్నచో ఏ నియమములపై? వలదన్నచో ఆ లోటు నెవరు పూడ్చవలెను? దాత కోరినదియు విద్యార్థికి కావలసినదియు ఒకటి కానపుడు ఎవరి మాట చెల్లవలెను?

ఈ ప్రశ్నలు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములవారికి దూరపు ప్రశ్నలు కావు. ఆ విశ్వవిద్యాలయమునకు 2024 ఆగస్టులో పునాది వేసిన మీర్‌ఖాన్‌పేట, కందుకూరు మండలములో, ఈ పేటలకు దక్షిణమున ఉన్నది. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు. విజయవాడ రహదారియు, నాగార్జునసాగరు రహదారియు ఎల్.బి.నగరు కూడలికి చేరుచున్నవి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, దేవరకొండ పల్లెలనుండి చదువుకై బయలుదేరు పిల్లలు బస్సు దిగు చోటు ఇదియే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత వారిలో అనేకులు నగరములో ఎచట చదివినను ఇచటనే బస చేయుచున్నారు. గ్రూపు పరీక్షలకు, ఉపాధ్యాయ నియామకములకు, పోలీసు ఉద్యోగములకు, బ్యాంకులకు శిక్షణ నిచ్చు కేంద్రముల పలకలు దిల్‌సుఖ్‌నగరు మేడలను కప్పివేసినవి. చైతన్యపురి, కొత్తపేట వీధులలో ముఖ్యముగా మూడు వస్తువులు అమ్మకమునకున్నవి: పాఠము, పడక, భోజనము. పల్లెలోని తండ్రి పంపు సొమ్ము ఈ మూటికిని చాలవలెను. చాలనినాడు మొదట తగ్గునది భోజనము. ఆపై మానుకొనునది చదువు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2008-09 విద్యాసంవత్సరమునుండి బోధన రుసుమును తిరిగి చెల్లించు పథకము నడచినది. తెలంగాణము ఏర్పడిన తరువాతను అది సాగుచున్నది. ఈ పథకము లేనిచో ఇంజనీరింగు కళాశాల గడప తొక్కని కుటుంబములు వేలకొలది ఉండెడివి. కాని బాకీలు పేరుకొనినవి. 2025 నవంబరు 3వ తేదీన రాష్ట్రములోని ప్రైవేటు కళాశాలల యాజమాన్యములు బకాయిలకై కళాశాలలను మూసివేసి, ప్రభుత్వము హామీ ఇచ్చిన పిమ్మట గాని తెరువలేదు. పథకమున్నను, సొమ్ము సకాలమునకు రానిచో బాధ ఎవరికి? యాజమాన్యము విద్యార్థిని అడుగును. విద్యార్థి కట్టలేనిచో అతని ధ్రువపత్రము కళాశాల బీరువాలో నిలిచిపోవును. ఉద్యోగపు పిలుపు వచ్చిన పిల్లవాడు తన చదువునకు సాక్ష్యము చూపలేక నిలువవలసి వచ్చును.

ఇట్టి లోటు ఉన్నచోటనే దాత అవసరమగును. లోటు ఎంత పెద్దదో దాత మాటకు విలువ అంత పెరుగును. ఈ రెండింటిని కలిపి చూడవలెను.

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరునకు మెట్రోలో పోవువారికి నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు నిలయములు వచ్చును. రెండవ పేరు ఒక దానమునకు గుర్తు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో సరూర్‌నగరులోని తన మహలును, దాని విశాలమైన ఆవరణతో, అనాథ బాలల శరణాలయమునకిచ్చి, దానికి విక్టోరియా రాణి పేరు పెట్టించినాడు. ఇచ్చినవాడు పోయినాడు, ఎవరి పేరు పెట్టినాడో ఆ సామ్రాజ్యము పోయినది. శరణాలయము మాత్రము నిలిచినది. చుట్టును నగరము పెరిగి, గజము భూమి బంగారమైన తరువాత ఆ ఆవరణపై ఎందరి కన్నులో పడినవి. ఇతర కార్యములకు అందులో భాగములిచ్చు యత్నము జరిగినపుడెల్ల ఇది అనాథలకొరకు ఇచ్చినదను అభ్యంతరము లేచినది. దానము యొక్క ఉద్దేశము స్పష్టముగా ఉండుట ఎంత మేలో ఇందువలన తెలియుచున్నది. దాత మరణించిన నూరేండ్ల తరువాత కూడ బాలుర పక్షమున మాటాడగలిగినది ఆ ఉద్దేశమే.

ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఏడవ నిజాము దానముగా చెప్పుట వాడుక. 1917లో ఆయన ఫర్మానా వెలువడినది. నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో తెరువబడినది. ఒక భారతీయ భాషను, ఉర్దూను, ఉన్నతవిద్యకు మాధ్యమముగా చేసిన ఆ సాహసము చరిత్రలో నిలుచునదే. అయినను ఆ సొమ్ము సంస్థానపు బొక్కసమునుండి వచ్చినది. బొక్కసము నిండినది రైతు కట్టిన శిస్తుతో. తెలంగాణపు రైతు తన తెలుగులో చదువు లేకపోయినను ఆ విశ్వవిద్యాలయమునకు దాతయే; అతని పేరు ఏ శిలాఫలకముపైనను లేదు. ప్రభుత్వ ధనమును పాలకుని దాతృత్వముగా చెప్పు అలవాటు రాజరికముతో పోలేదని నేటి పథకముల పేర్లు చూచినవారికి తెలియును.

ఆంధ్రదేశమున మరొక రీతి దానము జరిగినది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు జయపురము మహారాజు విక్రమదేవవర్మ ఏటేట ఒక లక్ష రూపాయలు శాశ్వతముగా ఇచ్చుటకు ఒప్పుకొన్నాడు. అక్కడి విజ్ఞాన, సాంకేతిక కళాశాల ఆయన పేరు వహించినది. నాడు ఒక లక్ష అనగా ఒక కళాశాలను నడుపదగిన సొమ్ము. నేడు అదే లక్ష విశ్వవిద్యాలయములోని ఒక ఆచార్యుని ఒక నెల జీతమునకు చాలదు. అంతేకాదు, 1951 నాటి ఒరిస్సా ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ దానమునకు మూలమైన జమీందారీయే అంతరించినది. మహారాజు మనసు గొప్పది, సందేహము లేదు. కాని ఏటేట ఇంత అని నిర్ణయించిన రూకలు ధరలతో పాటు పెరుగవు. ఇచ్చువాని ఆదాయము నిలిచినంతవరకే నిలుచును. శాశ్వతమను మాట పత్రముపై వ్రాసినంత మాత్రమున శాశ్వతము రాదు.

పిఠాపురము మహారాజు సూర్యారావు బహద్దరు కాకినాడ కళాశాలను పోషించుటతో తృప్తి చెందలేదు. అనాథలకు శరణాలయము, నాడు అంటరానివారనబడిన కులముల బాలురకు వసతి గృహము ఏర్పరచినాడు. రఘుపతి వెంకటరత్నము నాయుడు వంటి గురువు ప్రక్కన నుండుట ఆ దానమునకు దారి చూపినది. ఇందు గమనింపదగిన దేమనగా, సొమ్ము మహారాజుది, ఆలోచన ఉపాధ్యాయునిది. మంచి దానమునకు ఈ రెండును కావలెను.

హైదరాబాదులో 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు మరొక మార్గము చూపినది. పల్లెనుండి వచ్చిన తెలుగు బాలునికి నగరములో మొదట కావలసినది తలదాచుకొను చోటని ఆయన గ్రహించినాడు. దిల్‌సుఖ్‌నగరు హాస్టలులో నేడు మంచమునకింత అని అద్దె కట్టుచున్న పిల్లవానికి ఈ మాట బాగుగ అర్థమగును. దానిని చూచి ఇతర కులములవారును తమ తమ వసతి గృహములు పెట్టుకొన్నారు. ఇందువలన మేలెంతయో జరిగినది; దానితో ఒక చిక్కును వచ్చినది. ఏ కులములో ధనవంతులున్నారో ఆ కులపు పేదకు దాత దొరకును. ఏ కులములో ధనవంతుడే లేడో ఆ కులపు పేద ఎవరి తలుపు తట్టవలెను? దానము దయతో పుట్టవచ్చును గాని, దయకు బంధువులు ముందు కనబడుదురు. కనుకనే ప్రభుత్వపు సాంఘిక సంక్షేమ వసతి గృహములు అవసరమైనవి. ఎంత గొప్ప దాతయైనను ప్రభుత్వమునకు తోడు కాగలడు గాని బదులు కాజాలడని ఈ చరిత్ర చెప్పుచున్నది.

జమీందారులు పోయినారు, కంపెనీలు వచ్చినవి. 2013 కంపెనీల చట్టములోని 135వ విభాగము దానమునకు క్రొత్త రూపము కల్పించినది. 500 కోట్ల నికర ఆస్తి గాని, 1000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని ఉన్న కంపెనీ తన గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు రూపాయల చొప్పున సమాజ కార్యములకు వెచ్చింపవలెను. 2014 ఏప్రిలు 1 నుండి ఇది అమలులో ఉన్నది. విద్యయు, గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడలకు శిక్షణయు ఆ కార్యముల పట్టికలో ఉన్నవి. ఇది దానమా, పన్నా? పన్నైనచో దానిని ఎచట వెచ్చింపవలెనో శాసనసభ నిర్ణయించును. దానమైనచో ఇచ్చుట మానుట దాత యిష్టము. ఇది రెండును కాదు: ఇచ్చి తీరవలెను, కాని ఎవరికో కంపెనీయే నిర్ణయించును.

ఇందువలన రెండు ఫలితములు కలిగినవి. మొదటిది, కంపెనీకి కనబడు వస్తువు కావలెను. భవనమునకు ప్రారంభోత్సవమున్నది, ఫలకమున్నది, ఛాయాచిత్రమున్నది. స్కిల్స్ విశ్వవిద్యాలయపు భవనములకై 200 కోట్లు వెచ్చించుటకు మేఘా ఇంజనీరింగు సంస్థ 2024 అక్టోబరులో ఒప్పుకొన్నది. భవనములు కావలసినవే. కాని భవనము కట్టిన మరునాడు దానిలో పాఠము చెప్పువానికి జీతము, వినువానికి భోజనము కావలెను గదా. వీటికి రిబ్బను కత్తిరించు సభ లేదు. రెండవది, 2021 జనవరిలో వచ్చిన సవరణల తరువాత, మూలధనముగా నిలువచేయుట కిచ్చు సొమ్ము ఈ చట్టపు లెక్కలోనికి రాదు. కంపెనీ యిచ్చినది నియమిత కాలములో ఖర్చు కావలెను. సొమ్ము పేరుచెప్పి దాచుకొనువారిని అరికట్టుటకు ఈ కట్టుబాటు అవసరమే కావచ్చును. కాని విశ్వవిద్యాలయమునకు అన్నింటికంటె అవసరమైన దానము, అనగా అసలు చెడకుండ వడ్డీతో ఏటేట విద్యార్థులను పోషించు దానము, ఈ మార్గమున రాజాలదని ఫలితముగా తేలుచున్నది.

అట్టి మూలధనము యొక్క బలము అమెరికాలో చూడవలెను. అచటి పెద్ద విశ్వవిద్యాలయములు దాతలిచ్చిన సొమ్మును వ్యాపారములలో పెట్టి, సాధారణముగా ఏటికి నూటికి నాలుగైదు వంతులు మాత్రము వాడుకొని, తక్కినది పెరుగనిత్తురు. మైకేల్ బ్లూంబర్గు 2018లో తాను చదివిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు 180 కోట్ల డాలర్లు ఇచ్చినాడు. భవనములకు కాదు, పేద విద్యార్థుల సహాయమునకు. తండ్రి సంపాదన చూడకుండ, ప్రతిభనే చూచి విద్యార్థిని చేర్చుకొనుటకు ఆ సొమ్ము వీలు కల్పించినది. 2024 ఫిబ్రవరిలో రూత్ గాటెస్మన్ అను వృద్ధాచార్యురాలు న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు 100 కోట్ల డాలర్లిచ్చి, ఇకమీద ఎవరివద్దను బోధన రుసుము తీసుకొనకుండ చేసినది. కళాశాలకు తన పేరు పెట్టవలదని కూడ ఆమె కోరినది. వంద రూపాయల గంట గుడికిచ్చి దానిపై వంశవృక్షము చెక్కించు మనకు ఈ వినయము నేర్వదగినది.

అయితే అమెరికా దాతలందరును ఇట్టివారే యనుకొనరాదు. టి. బూన్ పికెన్స్ అను చమురు వ్యాపారి ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు 2005 చివర ఒక్కసారిగా 16 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చినాడు, అది క్రీడలకు. ఫుట్‌బాల్ క్రీడాస్థలము ఆయన పేర వెలసినది. నైకీ పాదరక్షల సంస్థను స్థాపించినవారిలో ఒకడైన ఫిల్ నైట్ విద్యార్థి దశలో ఓరిగన్ విశ్వవిద్యాలయపు పరుగుపందెగాడు. ఆ విశ్వవిద్యాలయపు పరుగు మైదానము, హేవర్డ్ ఫీల్డు, 2020 నాటికి ఆయన ప్రధాన సహాయముతో పునర్నిర్మితమైనది. క్రీడాకారుడు తన మైదానమును మరువకుండుట శ్లాఘనీయము. కాని అక్కడ క్రీడలలో ధనము పెరిగి పెరిగి, 2021 జూలై నుండి విద్యార్థి క్రీడాకారులు తమ పేరును, రూపును ప్రకటనలకిచ్చి సొమ్ము తీసుకొనుటకు అనుమతి వచ్చినది. దాతలు కూడి నిధులేర్పరచి మేలైన ఆటగాండ్రను తమ విశ్వవిద్యాలయమునకు రప్పించుకొనుచున్నారు. ఆటగాడు కష్టమునకు ప్రతిఫలము పొందుట న్యాయమే. అయినను విశ్వవిద్యాలయము చదువునకా, పందెమునకా అను ప్రశ్న అచటివారినే వేధించుచున్నది.

క్రీడలకు దానమిచ్చి, ఆ దానముతో అధికారము కొనుక్కొన్న ఉదాహరణకు మనము అమెరికా పోనక్కరలేదు. విజయనగర రాజవంశీయుడు, విజ్జీ యను పేర ప్రసిద్ధుడైన మహారాజకుమారుడు, 1930 ప్రాంతమున క్రికెట్టుకై ధారాళముగా ధనము వెచ్చించి, హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఆంగ్ల క్రీడాకారులను రప్పించినాడు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు ఆయనయే నాయకుడు. 1932లో భారతదేశపు తొలి టెస్టు జట్టును నడిపిన సి.కె. నాయుడు, ఆయనయు తెలుగువాడే, విజ్జీ క్రింద ఆడవలసి వచ్చినది. మూడు టెస్టులలో నాయకుడు చేసినది మొత్తము 33 పరుగులు. మేటి ఆటగాడైన అమరనాథును తొలి టెస్టునకు ముందే ఇంటికి పంపివేసినారు. జట్టు రెండు టెస్టులలో ఓడినది. విజ్జీ పేర నేటికిని విశ్వవిద్యాలయముల క్రికెట్టు పోటీ నడచుచున్నది. ఆ మేలు మరువరాదు. కాని దాత మైదానము వెలుపల నిలిచినంతసేపే ఆటకు ఉపకారము, బ్యాటు పట్టుకొని లోనికి వచ్చినచో అపకారము అను పాఠము కూడ ఆ పేరుతోనే నిలిచినది.

దీనికి ప్రతిగా చూడదగినది గచ్చిబౌలి బ్యాడ్మింటను విద్యాలయము. 2001లో ఆల్ ఇంగ్లండు విజేత యైన పుల్లెల గోపీచందునకు ప్రభుత్వము భూమినిచ్చినది. ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టినాడు. వ్యాపారవేత్త నిమ్మగడ్డ ప్రసాదు 5 కోట్ల రూపాయలిచ్చినాడు. 2008లో విద్యాలయము ఆరంభమైనది. అచట తరిఫీదు పొందిన సైనా నెహ్వాలు 2012లోను, పి.వి. సింధు 2016లోను ఒలింపిక్ పతకములు తెచ్చినారు. భూమి ప్రభుత్వముది, సొమ్ము దాతది, శిక్షణ గురువుది. ఎవరి పని వారు చేసినారు. వరంగల్లు జిల్లా కల్లెడలో 1996లో ఆరంభమైన గ్రామీణాభివృద్ధి ఫౌండేషన్ వారి పాఠశాల మరింత చిన్న ఉదాహరణము. ఆ బడిలో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008 ఒలింపిక్ క్రీడలకు వెళ్లినది. ఆ బడిలోనే పరుగెత్తిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్య పతకము గెలిచినది. దాత ఒలింపిక్ మైదానము కట్టలేదు. ఒక పల్లెలో మంచి బడి పెట్టినాడు. ఆ బడిలో వ్యాయామోపాధ్యాయుడున్నాడు. పిల్లల కాళ్లలోని బలమును మొదట కనుగొన్న కన్నులు ఆ ఉపాధ్యాయునివే.

విక్టోరియా మెమోరియల్ ఆవరణ మైదానములో తెల్లవారకమునుపే పరుగెత్తు యువకులను చూచినవారికి ఈ మాటలలోని అర్థము తెలియును. వారిలో అధికులు పతకమునకు గాక పోలీసు ఉద్యోగమునకు పరుగెత్తుచున్నారు. వారిలో ఎందరికి సరియైన బూట్లున్నవి? పరుగు తరువాత గ్రుడ్డు, పాలు ఎందరికి లభించును? కాలు మడతపడినచో చూచు వైద్యుడెవరు? ఈ మూడింటికయ్యెడి ఖర్చు పెద్ద ఇండోరు స్టేడియము ఖర్చులో అణుమాత్రము. కాని బూట్లపై దాత పేరు చెక్కుటకు వీలు లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. 100 కోట్లు వలదనుట సరియా? పేదకు ఎంపిక యెక్కడిది, పిల్లల చదువునకు పనికివచ్చునపుడు సొమ్మునకు కులగోత్రములేల యని యడుగువారున్నారు. వారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ సొమ్మును నూటికి ఏడు వడ్డీకి నిలువచేసి, అందు రెండు వంతులు ధరల పెరుగుదలకై అసలులో కలిపి, తక్కిన అయిదు వంతులు పంచినచో ఏటికి 5 కోట్లు వచ్చును. తలకు 50,000 చొప్పున ఏటేట 1000 మంది విద్యార్థులకు వసతి భోజనములు నడచును. అట్లు వాడుదురను మాట ఎవరును చెప్పలేదు. సొమ్ము విలువ తెలియుటకు మాత్రమే ఈ లెక్క. వలదన్న ఒక్క మాట ఖరీదు అంత. ఆ ఖరీదు కట్టునది వలదన్న పాలకుడు కాదు.

ఎదుటి మాటకు కూడ బలమున్నది. నేరము ఋజువు కానంతవరకు ఎవరును దోషి కాదు, నిజమే. కాని విశ్వవిద్యాలయము న్యాయస్థానము కాదు. దాని ఆస్తి నమ్మకము. అది వివాదములోనున్న ధనమును పుచ్చుకొన్నచో, ఆ వివాదమును గూర్చి స్వేచ్ఛగా బోధింపగలదా, వ్రాయగలదా యను సందేహము పుట్టును. సందేహము పుట్టుటయే నష్టము. కనుక వలదనుటలో తప్పు లేదు. తప్పు వేరొకచోట ఉన్నది. పుచ్చుకొనుటకు ముందు నియమము లేదు, వలదనుటకును నియమము లేదు. ఆనాడు గాలి ఒక దిక్కున వీచినది, చెక్కు వచ్చినది. మరునాడు మరొక దిక్కున వీచినది, చెక్కు వలదనిరి. రెండు నిర్ణయములను ముఖ్యమంత్రియే ప్రకటించినారు. విశ్వవిద్యాలయపు పాలకమండలి గొంతు ప్రజలకు వినబడలేదు. దానము పుచ్చుకొనునది విశ్వవిద్యాలయమైనపుడు నిర్ణయమును దానిదే కావలెను గదా.

కావలసిన నియమములు అయిదారుకు మించవు. ఎట్టి ధనము పుచ్చుకొనరాదో ముందే వ్రాసి ప్రకటింపవలెను. అపుడు వలదనుట ఎవరికిని అవమానము కాదు. విద్యార్థిని ఎంచుటలో గాని, గురువును నియమించుటలో గాని, పాఠ్యమును నిర్ణయించుటలో గాని దాతకు చోటుండరాదు. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి ఏటేట విద్యార్థులు చూచునట్లు ప్రకటింపవలెను. భవనమునకు ఇచ్చు దాతను, ఆ భవనమును నడుపుటకు కూడ కొంత మూలధనము తన స్వంత ధనమునుండి ఇమ్మని కోరవలెను. క్రీడలకు వచ్చిన దానములో ఒక వంతు ఆటగాని భోజనమునకు, వైద్యమునకు కేటాయింపవలెను. అన్నింటిని మించి, దానము వచ్చినదను నెపముతో ప్రభుత్వము తన భాగమును తగ్గించుకొనరాదు. దాత వేసిన పిడికెడు గింజలు చూచి రైతు దుక్కి మానినచో పంట యెక్కడిది?

చివరకు ఉపాధ్యాయులకొక మాట. నూరు కోట్ల దాతలు నగరమునకు ఒకరో ఇద్దరో. కాని మీ చేతిలో చదివి నేడు సంపాదించుకొనుచున్నవారు ఊరూరను ఉన్నారు. ఒక కళాశాల పూర్వ విద్యార్థులు 500 మంది తలకు 20,000 రూపాయలు ఇచ్చినచో కోటి రూపాయలగును. పై లెక్క ప్రకారమే ఆ కోటి ఏటేట పదిమంది పేద విద్యార్థులను పోషించును, అసలు చెక్కుచెదరదు. అందు ఎవని పేరును భవనముపై ఎక్కదు; అయిదు వందలమంది పేర్లకు చోటు చాలదు గనుక ఎక్కించుమని ఎవడును అడుగడు. ఒక్క దాత అలిగినచో నిధి ఆగిపోవునను భయము లేదు. ఏ దేశమున ఏ ఆరోపణ వెలువడినను ఆ పదిమంది భోజనము నిలిచిపోదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు సంఘముగా కూడి తమ కళాశాలకు, ఆసుపత్రికి ఏండ్ల తరబడి చేయుచున్న సాయము ఇట్టి పని సాధ్యమేనని చూపినది.

దానమిచ్చునపుడు పై నుండు చేయి దాతది, క్రింద నుండు చేయి పుచ్చుకొనువానిది. బలి చక్రవర్తి కథలో మన పెద్దలు దీనినే గొప్పగా చెప్పుకొన్నారు. కాని చదువు విషయమున ఆ చేయి ఎంతకాలమును క్రిందనే ఉండరాదు. విద్యార్థి ఎవరికిని తల వంపకుండ చదివి, రేపు తన వంతు ఇచ్చువాడు కావలెను. దిల్‌సుఖ్‌నగరు హాస్టలు గదిలో ఈనాడు దీపము క్రింద కూర్చున్న పిల్లవానికి ఎవరు సొమ్ము ఇచ్చినారను ప్రశ్న కంటె, ఆ సొమ్ము అతనిని స్వతంత్రునిగా నిలిపినదా, ఋణగ్రస్తునిగా నిలిపినదా యను ప్రశ్న ముఖ్యమైనది. దానమునకు కొలబద్ద అదియే.